పెట్రోలు నడక వినే మా బావ

మా బావ రామచంద్రయ్యకు ఒకటే పిచ్చి. చక్కగా పోతున్న కారును రోడ్డు పక్కన ఆపి, అందులో పెట్రోలు ఎందుకు సరిగ్గా నడవడం లేదో కనుక్కోవడం. సూర్యాపేటలో బియ్యం మిల్లు ఉన్న మనిషి. ఇంకే దురలవాటూ లేదు. బీడీ కాల్చడు, పేకముక్క ముట్టడు. కానీ స్టీరింగు ముందు కాసేపు కూర్చుంటే చాలు, తల ఒక పక్కకు వంచి, కళ్ళు సగం మూసి, "ఆగుండ్రి. పెట్రోలు నడక మారింది," అనేవాడు.

పెట్రోలుకు నడకేమిటి బావా అని ఒకసారి అడిగాను.

"టాంకీ నుంచి పైపులకు, పైపు నుంచి పంపుకు, పంపు నుంచి కార్బొరేటరుకు రావాలె. మనిషి ఊరి నుంచి ఊరికి నడిసొచ్చినట్టే. నడుమ యాడనో కూలబడ్తది. యాడ కూలబడ్డదో మనం దేవులాడాలె."

ఆ నల్ల కారును ఆయన అరవై ఎనిమిదిలో ఒక ముసలి వకీలు దగ్గర కొన్నాడు. మొదటి ఏడాది అది నిజంగానే సతాయించింది. టాంకీలోని తుప్పు రాలి పైపుకు అడ్డం పడేది. ఎండాకాలంలో పంపు వేడెక్కి పెట్రోలు ఆవిరైపోయేది. బావ తువ్వాల తడిపి పంపుకు చుట్టి, జ్వరమొచ్చిన పిల్ల పక్కన తల్లిలా కూర్చునేవాడు. పైపు విప్పి నోటితో ఊదేవాడు. ఊది, మళ్ళీ పీల్చినప్పుడల్లా ఎంతో కొంత పెట్రోలు గొంతులోకి జారేది. ఆ రోజు ఆయన తేన్చితే మిల్లు హమాలీలు బీడీలు ఆర్పేసి దూరం జరిగేవాళ్ళు.

ఒకసారి కోదాడలో పెళ్ళికి బయలుదేరాం. మేం చేరేసరికి విస్తళ్ళు ఎత్తేస్తున్నారు.

"ఏమండీ రామచంద్రయ్య గారూ, ముహూర్తం మాకు పొద్దున పెట్టారు. మీకు సాయంత్రం పెట్టారా అండీ?" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి.

"పెట్రోలుకు ముహూర్తాలు పట్టవయ్యా," అన్నాడు బావ, నూనె చేతులు తుడుచుకుంటూ.

వెనక సీట్లో ఆయన తల్లి దుర్గమ్మ గారిది ఎప్పుడూ ఒకటే మాట. "ఎడ్లబండి నయం. ఎడ్లకు గడ్డేస్తే నడుస్తయి. దీనికి నా కొడుకు పానమంత ఊదిపోస్తున్నడు."

అయినా ఆ ఆగిన చోట్లు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. సాగర్ కాలవ నీళ్ళొచ్చిన కొత్త. అంతకు ముందు ఏడాది దాకా తుమ్మలూ రాళ్ళూ ఉన్న చోట పచ్చగా వరినాటు. కారు ఆగగానే లోకం నిశ్శబ్దమయ్యేది. ఆ నిశ్శబ్దంలోంచి మెల్లగా నీళ్ళ చప్పుడు, ఎక్కడో గొర్రెల మందను అదిలిస్తున్న గొంతు వినబడేవి. మా అక్క ఆండాళు దిగి కాలవ గట్టు మీద ఒక్కతే నడిచిపోయేది. గాలికి ఆమె కొంగూ, నాటు మీద కొంగలూ ఒకేసారి లేచేవి. దుర్గమ్మ గారు గురక పెట్టేది. బావ బానెట్ కింద తల పెట్టి ఏదో కూనిరాగం తీసేవాడు. పొద్దు ఎటు పోతోందో ఎవరికీ పట్టేది కాదు.

కానీ డెబ్బై ఒకటిలో నా నిశ్చితార్థం కుదిరింది, మిర్యాలగూడలో. ఈ ముహూర్తానికి నేనే కావాలి కదా. బావ మిల్లులోనే పనిచేస్తున్నవాణ్ణి గనక ఆ కారులోనే పోవాలి. అందుకని ముందే కారును కోదాడలో మెకానిక్ బక్కయ్య దగ్గరికి తీసుకుపోయాను. బావ కూడా వచ్చాడు గానీ, దవాఖానకు వచ్చినవాడిలా మూలన కూర్చున్నాడు.

బక్కయ్య టాంకీ దింపి కడిగాడు. పైపు మార్చాడు. పంపులో చిరిగిన రబ్బరు బిళ్ళ తీసి కొత్తది వేశాడు. కార్బొరేటరు విప్పి శుభ్రం చేస్తూ నాకు చోక్ సంగతి కూడా చెప్పాడు. "చల్లగున్న ఇంజను లేపేటందుకే ఈ గుండీ గుంజాలె. ఏడిగున్నప్పుడు గుంజితే పెట్రోలు ఎక్కువై, నల్లపొగ కక్కి ఆగిపోతది."

అన్నీ బిగించి, "ఇగ ఆగమన్నా ఆగది," అన్నాడు.

బావ ముఖం వాడిపోయింది. "అస్సలే ఆగదా?" అని అడిగాడు.

నిశ్చితార్థం రోజు కారు వెన్నలో కత్తిలా పోయింది. నేను ముందు సీట్లో కొత్త చొక్కా నలగకుండా కూర్చుని, నాకు కాబోయే భార్య సరోజన ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను. నేరేడుచర్ల దాటింది. ఉన్నట్టుండి కారు దగ్గింది, నల్లపొగ కక్కింది, ఆగింది. ఆగే ముందు బావ చెయ్యి చోక్ గుండీని గుంజడం నేను కళ్ళారా చూశాను.

బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన గుప్పున కొట్టింది. "బావా, నువ్వే గుంజినవ్," అన్నాను.

"మెల్లగ. అమ్మ ఇంటది."

"నా నిశ్చితార్థం నాడు కూడానా?"

ఆయన నావైపు చూడలేదు. కాలవ వైపు చూశాడు. గట్టు మీద అక్క మాకు వీపు పెట్టి నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గాలి పీలుస్తోంది.

"మీ అక్కకు బండి పడది. కడుపుల తిప్పుతది. పెండ్లయిన కొత్తల బస్సుల మా అమ్మ కొత్త చీర మీదనే వాంతి చేసుకున్నది. అమ్మ యాడికి పోయినా ఆ ముచ్చటే చెప్పి నవ్వేది. గప్పటి సంది మీ అక్క బస్సెక్కలే."

నిజమే. కారు కొనేదాకా అక్క పుట్టింటికి రానేలేదు. నోములని, మిల్లు పనని చెప్పి పంపేది. అల్లుడే పంపడం లేదని మా అమ్మ లోలోపల బావను తిట్టుకునేది.

"మరి కారు ఆపమని అడగొచ్చు గద?"

"అడగది. నేనడిగితే, 'నాకేమైంది, మంచిగనే ఉన్న' అంటది. కారుకు బాగలేదంటే మాత్రం దిగుతది."

ఇద్దరం బానెట్ మీదికి వంగి, ఏ లోపమూ లేని పంపును అక్క ముఖం తేటపడేదాకా పరీక్షించాం.

ముహూర్తం దాటలేదు గానీ అంచు మీద ఉంది. తాంబూలాలు మార్చుకున్నాక చూస్తే, ముందే బస్సులో వచ్చిన మా అమ్మ అక్క చెయ్యి పట్టుకుని వదలడం లేదు. అక్క ఏదో చెప్పి పకపకా నవ్వుతోంది. సరోజన కూడా ఆ నవ్వు వైపే చూస్తోంది, నా వైపు కాదు.

తిరుగు ప్రయాణంలో పెళ్ళికి ఎవరెవరిని పిలవాలో దుర్గమ్మ గారు చెబుతూంటే బావ ఆ మాటల్లో పడిపోయాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. అక్క పెదవులు బిగించి కిటికీలోంచి దూరంగా చూస్తోంది. నుదుట చెమట.

నేను తల ఒక పక్కకు వంచి, కళ్ళు సగం మూశాను. "బావా, పెట్రోలు నడక మారినట్టుంది."

బావ నా ముఖంలోకి చూశాడు. "నీకూ ఇనబడ్డదా?"

"ఇనబడ్డది."

"ఒక్క పిచ్చోడు సాలదని ఇంకొకడు తయారైండు," అంది దుర్గమ్మ గారు.

కారు ఆగింది. అక్క అప్పటికే తలుపు తీసుకుని గాలిలోకి నడుస్తోంది. బావను కూర్చోమని చెప్పి, బానెట్ నేను ఎత్తాను.