మాస్టారు పాటలకి కట్టిన కరెంటు బిల్లు

మా పక్కింటి మాస్టారు పోయిన వారం వెళ్ళిపోయారు. ఉదయం చర్చికి తయారై, కుర్చీలో కూర్చుని, ఇక లేవలేదు. "బాబూ, ఒకసారి రా. మీ మాస్టారు పలకట్లేదు" అని ఆయన భార్య గోడ అవతలి నుంచి పిలిచిన పిలుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆవిణ్ణి నేను పిన్నిగారంటాను.

గుడివాడలో సైన్సు చెప్పి రిటైరై బందరులో స్థిరపడిన మనిషాయన. వచ్చాక ఇంట్లో సర్వరు పెట్టారు. ఎవరు ఎప్పుడు అడిగినా ఇంటర్నెట్లో పాట వినిపించడానికి ఆపకుండా నడిచే కంప్యూటరన్నమాట. నాగాయలంక బస్సెక్కి పల్లెపల్లెకీ వెళ్ళి, చర్చిల్లో ముసలమ్మలు పాడుకునే పాత పాటలు ఫోనులో రికార్డు చేసుకొచ్చి అందులో పెట్టేవారు.

"ఇంటర్నెట్లో పాటలు ఊరికే పెట్టుకోనిచ్చేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కదా మాస్టారూ, మీకెందుకీ కరెంటు ఖర్చు?" అన్నానొకసారి.

"వాళ్ళకి బుద్ధి పుట్టినప్పుడు తీసేస్తారయ్యా. మనింట్లో ఉంటే మనం తీసేదాకా ఉంటాయి."

మొదట్లో అది బీరువాలో సగముండే పాత కంప్యూటరు. బిల్లు ఆయన లెక్కకి అందకుండా పెరిగింది. మన లైను మీద ఎవరో కరెంటు లాగుతున్నారని పిన్నిగారి అనుమానం. లైన్‌మన్ వచ్చి ఫ్యాన్లూ లైట్లూ అన్నీ ఆపించినా మీటరు తిరుగుతూనే ఉంది. తీరా చూస్తే, టీవీకీ ఫ్రిజ్‌కీ కప్పినట్టే పిన్నిగారు కంప్యూటరుకి కూడా ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి, దుమ్ము పడకుండా అంచులు కిందికి దోపారు. లోపల అది ఉడికిపోతూ, ఫ్యాను గిరగిరా తిప్పుకుంటూ కరెంటు తాగేస్తోంది. "జ్వరమొచ్చినోడికి దుప్పటి కప్పారేంటండీ" అన్నాడు లైన్‌మన్. అందరికంటే ఎక్కువ నవ్వింది మాస్టారే. పిన్నిగార్ని ఒక్క మాట అనలేదు.

తర్వాత అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు తెప్పించారు. బెడ్‌లైటు కంటే తక్కువే తాగుతుందని మురిసిపోయేవారు. అయినా దాని వాటా ఎక్కడో ఒకచోట మిగల్చాలని ఇస్త్రీ మానేశారు. చొక్కాలు మడిచి పరుపు కింద పెట్టుకునేవారు. ఆదివారం ఆయన చొక్కా మీద మడతలన్నీ అడ్డంగా ఉండేవి. "మనిషన్నాక కాస్త నలిగితే ఏమవుతుందయ్యా" అనేవారు. ఇంత పిసినారితనం ఇంత అందంగా ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒకసారి గాలివానకి మా వైపు రెండు రోజులు కరెంటు లేదు. విజయవాడలో నర్సుగా చేసే ఒకమ్మాయి ఫోను చేసింది. వాళ్ళమ్మ దివిసీమలో పాడిన పాట రావడం లేదట. ఆవిడ పోయి అప్పటికి ఏడాది. డ్యూటీకి వెళ్ళే ముందు ఆ అమ్మాయి రోజూ ఆ గొంతు వినేదట. "కరెంటు రాగానే అమ్మ పాడుద్దిలే తల్లీ" అన్నారు మాస్టారు.

ఈ సర్వరంటే పిన్నిగారికి పడేది కాదు. బిల్లు వచ్చిన రోజల్లా సణుగుడే. ఆయన పోయారు, ఇక దీన్ని ఆపేస్తారు, ఆ పాటలన్నీ ఇవాళ్టితో సరి అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఏడుపు దానిక్కూడా వచ్చింది.

హైదరాబాదు నుంచి కూతురు రావాలి కాబట్టి ఫ్రీజర్ బాక్సు తెప్పించి మాస్టార్ని అందులో పడుకోబెట్టాం. హాల్లో ఉన్నది ఒక్కటే ప్లగ్గు, దానికి సర్వరుంది. బాక్సు తెచ్చినతను వంగి ఆ వైరు మీద చెయ్యి వేశాడు.

"అది తియ్యకు బాబూ" అన్నారు పిన్నిగారు.

"దీనికి విడిగా ప్లగ్గు కావాలమ్మా. రెండూ కలిపి పెడితే లోడు ఆగదు."

"వంటింట్లో ఫ్రిజ్‌ది పీకేసి అక్కణ్ణించి లాక్కో. అది మాత్రం తియ్యకు. ఎవరో ఒకరు వింటా ఉంటారు."

అతను వంటింట్లోంచి పొడుగు వైరు లాగాడు. పిన్నిగారు వెనకే వెళ్ళి, ఫ్రిజ్‌లో ఉన్న పాల ప్యాకెట్లన్నీ తీసి, వచ్చినవాళ్ళకి టీ పెట్టమని నా చేతిలో పెట్టారు. సాయంత్రానికి కూతురు వచ్చేసరికి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. కరిగిన మంచు నీళ్ళు వంటింటి గచ్చు మీద పారుతుంటే, పిన్నిగారు వాటిని దాటుకుంటూ వచ్చి కూతుర్ని పట్టుకున్నారు.