ఆవచేలో అప్పారావు గారి ఇల్లు

మా పక్కింటి అప్పారావు గారు మిలిటరీలో సుబేదారు. వచ్చే ఏడు రిటైరవుతున్నారు. ఘాజియాబాద్ దగ్గర ప్లాటు చూద్దాం రమ్మని ఇవాళ పొద్దున నన్ను వెంటబెట్టుకెళ్లారు. తీరా చూస్తే అది ఆవచేను. ఆయన మాత్రం అప్పుడే పూజగది ఎటువైపో చూపిస్తున్నారు.

"రిజిస్ట్రీ ఎందుకు సాబ్? పవర్ ఆఫ్ అటార్నీ చాలు. స్టాంపు డ్యూటీ మిగులుతుంది, టాక్సు గొడవ ఉండదు," అన్నాడు దళారీ.

"రాసిచ్చిన రైతు పోతే ఆ కాగితం చెల్లదు కదా భయ్యా?" అన్నాను.

"అరే సాబ్, ఈయన ఇంకా నూరేళ్లు బతుకుతాడు!" అంటూ నులకమంచం మీద దగ్గుతున్న ముసలి రైతును చూపించాడు.

అప్పారావు గారికి ఆ హామీ చాలింది. అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేశారు. పైగా తిరుగు బస్సులో, "గవర్నమెంటుకి ఊరికే ఎందుకు కట్టాలండీ?" అని నాకే పాఠం చెప్పారు. ఇన్నాళ్లూ ఆయనకు జీతమిచ్చింది ఎవరో మరి!

ఇందాక వాళ్లావిడ మా ఇంటికొచ్చి, "ఆ పెద్దాయనకు దగ్గట కదండీ, మంచి మందేదైనా చెబుతారా? రేపే పట్టుకెళతారట," అంది.

స్టాంపు డ్యూటీ తప్పించుకున్నాయనకు డాక్టరు ఫీజు తప్పేలా లేదు. దగ్గుకు గట్టి మందు తెలిసినవాళ్లుంటే చెప్పండి, ఓ ఇల్లు నిలబెట్టిన పుణ్యం మీకే!