గోడలు తుడిచిన రొట్టె

సెంటు ఖర్చు లేకుండా ఇల్లు మెరిపిస్తుందని ఆ బొగ్గుగనుల ఊళ్లో వెర్నా ప్రిచర్డ్‌కి పేరు. కిటికీలకు వెనిగరూ పాత పేపరూ, చెంచాలకు పొయ్యి బూడిద, తివాచీ మీద చల్లి ఊడ్చడానికి వాడేసిన టీపొడి. పొయ్యి మసి పట్టిన గోడలకి అతికించిన పూల కాగితాన్ని ఎండిన రొట్టెతో రుద్దితే, మసంతా రొట్టెకి అంటుకుని పూలు తేటపడేవి. ఇవన్నీ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది. అదొక జబ్బు ఆవిడకి. ఆ గోడల చిట్కా ఒక్కటి మాత్రం తర్వాత తర్వాత ఎవరడిగినా చెప్పేది కాదు. ఎందుకో చెబుతాను.

గని మూతపడ్డ ఏడాది పక్కింటి ఐడా ప్రతి శనివారం వచ్చి, గోడలకి కావాలంటూ పాత రొట్టె పట్టుకెళ్లేది. ఐడా మొగుడు ఎమిల్‌కి పని పోయి నాలుగు నెలలైందని వెర్నాకి తెలుసు. అయినా తన మాట ఇంత బాగా తలకెక్కించుకున్న మనిషి దొరికిందని మురిసిపోయిందే తప్ప, వారం వారం గోడలు తుడిచేవాళ్లెవరని ఆలోచించలేదు. పొగడ్తకి మొహం వాచిన మనిషికి అంత ఆలోచన ఎక్కడిది?

చర్చి ఆడవాళ్లు బొంత కుట్టడానికి వెర్నా ఇంట్లో చేరిన రోజున ఆవిడ నోరు ఊరుకోలేదు.

"మా ఐడా గోడలు చూడాలర్రా. వారానికి రెండు రొట్టెలు అరగదీస్తోంది. వచ్చే బుధవారం కుట్టు వాళ్లింట్లోనే పెట్టుకుందాం."

అందరూ నవ్వి సరేనన్నారు. సూదిలో దారం ఎక్కిస్తున్న ఐడా తలెత్తలేదు. దారం కొస ముడేసి, రండి అంది.

బుధవారం వెళ్లేసరికి ముందుగది గోడల మీద నీలం పూలు నిన్న అతికించినట్టున్నాయి. ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆ మెచ్చుకోళ్లన్నీ వెర్నా తనవిగానే పుచ్చుకుంది. కప్పులు తెస్తానంటూ, ఐడా వద్దంటున్నా వినకుండా వంటింట్లోకి దూరింది.

వంటింటి గోడలు నల్లగా ఉన్నాయి. ఏళ్లుగా ఎవరూ ముట్టని మసి. అలమరలో కప్పులు తప్ప ఇంకేమీ లేవు. బల్ల మీద పళ్లెం నిండా మసి పట్టిన రొట్టె ముద్దలు. ఎమిల్ కూర్చుని చాకుతో నలుపు గీకి, లోపల మిగిలిన తెలుపుని నీళ్లపాల గిన్నెలో వేసుకుంటున్నాడు. వెర్నాని చూసి గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టాడు.

సిగ్గుతో వెర్నా ప్రాణం చచ్చిపోయింది. ఇన్నాళ్లూ వీళ్లు తింటున్నది ఆ రొట్టే. తన నోటిదురద వల్ల ఈ వారం తిండి గోడల పాలైంది.

వెనకే వచ్చిన ఐడా మెల్లగా అంది, "వాళ్లకి చెప్పకండి, వెర్నాగారూ."

చెప్పలేదు. ముందుగదిలో ఎవరో, శిష్యురాలు గురువుని మించిపోయిందంటే, కప్పులోకే చూస్తూ కూర్చుంది.

శనివారం దాకా ఆగలేకపోయింది. మర్నాడే రెండు తాజా రొట్టెలు కాల్చి ఐడా తలుపు తట్టింది. క్షమించమని అడగాలనుకుంది. తలుపు తెరుచుకున్నాక నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"గోడలకని తెచ్చాను."

ఐడా ఇంకా వేడి తగ్గని ఆ రొట్టెల వంక చూసింది.

"మా గోడలు శుభ్రంగానే ఉన్నాయండీ. మీరే చూశారుగా."

తలుపు మూసుకుంది. వెర్నా రొట్టెలు ఏప్రన్ కింద దాచుకుని, ఎవరి కంటా పడకుండా పెరటి దారిన ఇంటికి వెళ్లింది.