గుడ్డ చూడందే ఉతకనివ్వని అత్త

మా అత్త పోయింది. మొన్న తెల్లవారుజామున, కప్పగల్లులో మా ఇంట్లోనే గుండె ఆగిపోయింది. దహనమయ్యాక వసారాలో కూర్చుని టీ తాగుతూ మా పెదమామ, అంటే మా మామగారి అన్న, అన్నాడు: "మంచి మనిషేగానీ నోరు చెడ్డదప్పా." అప్పట్నుంచి నాకు ఏడుపు రావడం లేదు. కోపమొస్తోంది.

ఆ నోరు ఎందుకు చెడ్డదైందో ఆయనకు తెలుసు. అత్తకు తొలిచూలు మగబిడ్డ. కళ్లు పచ్చబడి, దొడ్డికి తడి సున్నంలా తెల్లగా పోతుంటే, బళ్లారి ఆస్పత్రికి పోదామని ఆమె బతిమాలింది. "పాలు తాగే బిడ్డకు తెల్లగా రాక ఎర్రగా వస్తాదా?" అన్నాడు ఈ పెదమామే. అప్పుడు ఇంటి పెత్తనం ఆయనది. ఆకుపసరు పోయించాడు. పొట్ట ఉబ్బి, ఏడాది నిండకుండానే ఆ బిడ్డ పోయాడు.

నా కూతురికి నెల దాటినా కామెర్లు తగ్గలేదు. ఎండలో పడుకోబెడితే చాలని అందరూ చెప్పారు. సిరిగేరిలో పుట్టింటికి వెళ్లిన అత్త తిరిగొచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా పాప గుడ్డ విప్పి చూసింది.

"ఎన్నాళ్ల నుంచి ఇట్ల పోతాండాదమ్మా?"

"వారం నుంచీ, అత్తా."

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తన కొడుకు, నా భర్త వైపు తిరిగి, "బండి తియ్యప్పా. ఈ గుడ్డ గూడ మనతో వస్తాది" అంది. పెదమామ అడ్డమొచ్చి మళ్లీ పాల సంగతే ఎత్తాడు. అంతవరకూ ఆయన ఎదుట తల ఎత్తని మనిషి గుమ్మంలోనే నిలబడింది.

"బావా, ఒక బిడ్డను నీ మాట విని పూడ్చినా. ఈ బిడ్డను ఇయ్యను."

డాక్టరు ఆ గుడ్డ చూసి ఆ రోజే బెంగళూరుకు రాసిచ్చాడు. కాలేయం నుంచి పైత్యరసం దిగే దారి మూసుకుపోయిందట. మలానికి రంగు ఆ పైత్యరసం వల్లే వస్తుందట. రెండు నెలలు నిండకముందే ఆపరేషన్ చేస్తే మేలన్నారు. చేయించాం. ఆ పిల్ల ఇప్పుడు నాలుగో తరగతి.

ఆ తర్వాత మా వీధిలో పసిబిడ్డల గుడ్డలన్నీ అత్త చూడాల్సిందే. కొందరు ముక్కు మూసుకున్నారు, కొందరు తిట్టారు. బీట్‌రూట్ తిన్న బిడ్డకు ఎర్రగా, ఐరన్ టానిక్ తాగిన బిడ్డకు నల్లగా వస్తే నవ్వేది. "ఎరుపైనా నలుపైనా ఏం తిన్యాదో అడుగు. అట్లాంటిదేం తినకుంటే ఆస్పత్రికి పో. తెలుపైతే మాత్రం ఏమీ అడగొద్దు, పరుగెత్తు" అనేది. వినని వాళ్ల మీద అరిచేది. అవును, అరిచేది. ఆమె మెల్లగా చెప్పినప్పుడు ఎవరు విన్నారు?

బెంగళూరులో ఆపరేషనైన కొన్నాళ్లకు, ఒక ఉదయం గుడ్డ మీద పసుపు కలిసిన ఆకుపచ్చ కనిపించింది. అత్త దాన్ని రెండు చేతులా పట్టుకుని వార్డంతా తిరిగింది. "నోడ్రీ, బణ్ణ బందైతె! రంగొచ్చిందమ్మా!" అని కన్నడంలోనూ తెలుగులోనూ చెబుతూ నర్సులకూ, ముక్కూమొహం తెలియని తల్లులకూ చూపించింది. తర్వాత మెట్ల మీద కూలబడి, ఆ గుడ్డను ఒళ్లో పరుచుకుని, "రామాంజీ, రామాంజీ" అంటూ ఏడ్చింది. పోయిన ఆ బిడ్డకు ఒక పేరుండేదని అంతవరకూ మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు.