అక్క దారికి అడ్డకాలవ

వాన మొదలైతే ఎవరైనా ఏం చేస్తారు? ఆరేసిన బట్టలు లాక్కుని లోపలికి పరుగెత్తుతారు. మన కాలవల మేస్త్రీ మాత్రం గొడుగు పట్టుకుని బయటికి పరుగెత్తేవాడు. ఏ వాలు దారికి అడ్డకాలవ వేయాలన్నా, ముందు ఒక్క వానైనా ఆ దారిలో నిలబడి చూడాలి. నీళ్ళు ఎటు మళ్ళుతున్నాయో, ఎక్కడ పరుగు అందుకుంటున్నాయో చూసి అక్కడల్లా పుల్లలు పాతాలి. ఆ పుల్లల వెంటే తవ్వకం. "మేస్త్రీకి తిక్క" అనేవాళ్ళు అన్నారు. అననీ! ముప్పై ఏళ్ళలో వేసిన కాలవ ఒక్కటీ మళ్ళీ తీయలేదు. ఆ సంగతి సందు దొరికితే చెప్పేవాడు, దొరక్కపోతే సందు చేసుకుని మరీ చెప్పేవాడు.

అడ్డకాలవ అంటే బ్రహ్మవిద్యేం కాదు. తారు పూసిన రెండు పొడుగాటి దుంగలు, మధ్యలో పార పట్టేంత సందు, దుంగలు విడిపోకుండా మూడు ఇనప బోల్టులు. దాన్ని దారికి అడ్డంగా నేలలోకి దించితే, పైనుంచి వచ్చే నీళ్ళని పట్టి పక్కకి పంపేస్తుంది. "పార వెడల్పే ఎందుకు మేస్త్రీ?" అని ఎవరైనా అడిగితే, "మట్టి పేరుకుంటే చెంచాతో తీస్తారా?" అనేవాడు. ఇంకో ముఖ్యమైన సంగతి, దాన్ని తిన్నగా వేయకూడదు, ఐమూలగా వేయాలి. అప్పుడే నీళ్ళు ఆగకుండా పారి, లోపలి మట్టిని కూడా ఈడ్చుకుపోతాయి. తిన్నగా వేశామా, చచ్చామే!

ఇన్ని తెలిసినవాడు సొంత అక్క దగ్గర బోల్తా పడ్డాడు.

అక్క ఇల్లు గుట్ట మీద. నాలుగు గేదెలు, ఓ పాక, ముందు వాలు వాకిలి. పాలవ్యాను గుట్ట దారెక్కి వాకిట్లోకి వచ్చి క్యాన్లు తీసుకెళ్ళేది. కిందటి వానలకి దారి మధ్యన గాడి పడి, వ్యాను చక్రం రెండుసార్లు జారింది. డ్రైవరు చేతులెత్తేశాడు.

"ఇంకొక్కసారి జారిందంటే నేను పైకి రాను పెద్దమ్మా. క్యాన్లు మీరే కిందికి తెచ్చుకోవాలి."

అక్క నడుముకి ఆపరేషనై ఏడాది కూడా కాలేదు. నిండు క్యాను సంగతి దేవుడెరుగు, ఖాళీది జరపడమే గగనం. వ్యాను రాకపోతే గేదెల్ని అమ్ముకోవాల్సిందే. అవంటే ఆవిడకి ప్రాణం. ఒక్కోదానితో ఒక్కో రకంగా పోట్లాడేది.

కబురందగానే మేస్త్రీ దుంగలేసుకుని వచ్చాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"వాన పడేదాకా ఆగవేంట్రా, నీ పద్ధతి ప్రకారం?" అంది అక్క.

"ఈ దారికి వానెందుకక్కా? ఇరవై ఏళ్ళ నుంచి ఎక్కి దిగుతున్నా. కళ్ళు మూసుకుని వేసేస్తా."

గాడి పూడ్చి, పైన ఒకటి, కింద ఒకటి ఐమూలగా బాగానే వేశాడు. మూడోది వాకిలి ముందు వేయబోతుంటే అక్క అడ్డుపడింది.

"ఇక్కడ వంకరగా వేస్తే ఒక్కో చక్రం ఒక్కోసారి ఎగిరి క్యాన్లు ఒలికిపోతాయిరా. తిన్నగా వెయ్యి. చూడ్డానికీ బాగుంటుంది."

వేరెవరైనా ఆ మాటంటే గంటసేపు క్లాసు పీకేవాడు. అక్క మాట కాదనగలడా? చిన్నప్పుడు చెవి మెలిపెట్టి ఎక్కాలు నేర్పిన మనిషాయె! తిన్నగా వేసేశాడు. దిమ్మిసతో మట్టి గట్టిగా కొట్టాక ఇద్దరూ దాన్ని చూసుకుని మురిసిపోయారు.

నాలుగో రోజు మధ్యాహ్నం వాన దంచికొట్టింది. మేస్త్రీ జలుబు చేసి దుప్పటి ముసుగేశాడు. అక్క దారికేం ఢోకా లేదని హాయిగా నిద్రపోయాడు కూడా. తెల్లారగానే అక్క ఫోను చేసి "రా" అంది. అంతే, పెట్టేసింది.

వెళ్ళి చూస్తే ఏముంది! వాకిలి ముందరి కాలవ అంచులదాకా కంకరమట్టితో పూడిపోయింది. నీళ్ళు దానిమీంచి దూకి దారిని మళ్ళీ కోసేశాయి. వ్యాను కింద మలుపులోనే ఆగిపోయింది. డ్రైవరు క్యాను భుజానేసుకుని దిగుతూ, "ఇవాళ్టికి మోస్తున్నా. రేపు నావల్ల కాదు" అన్నాడు.

మేస్త్రీ మొహం మాడిపోయింది. "నువ్వే కదక్కా తిన్నగా..." అనబోయి మాట మింగేశాడు. కాలవకి ఎగువన, దారికి ఐమూలగా వరసగా పుల్లలు పాతి ఉన్నాయి. చివర పుల్ల బదులు ఓ గరిటె నిలబెట్టి ఉంది.

"ఇవెవరు పాతారు?"

"నేనే. నిన్న వానలో. పుల్లలు చాలక గరిటె తెచ్చా."

"ఆ నడుముతో వానలో నిలబడ్డావా? నీకసలు మతి ఉందా?"

"నువ్వు నిలబడలేదుగా మరి! తిన్నగా వెయ్యమన్నాను, నిజమే. తెలియక అన్నా. అన్నీ తెలిసినవాడివి, నువ్వెందుకు విన్నావురా?"

మేస్త్రీకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. గునపం తీశాడు. తను వేసిన కాలవని ముప్పై ఏళ్ళలో మొదటిసారి తనే పెకలించాడు. గరిటె మాత్రం అక్క జానెడు పక్కకి పాతిందనిపించి, అనుమానం తీరక ఎగువ నుంచి బిందెడు నీళ్ళు పోశాడు. నీళ్ళు బుద్ధిగా గరిటె దగ్గరికే వచ్చాయి. ఇక నోరు మూసుకుని పుల్లల వెంటే తవ్వి దుంగలు దించాడు, కోసుకుపోయిన దారీ పూడ్చాడు. చక్రం ఎగిరినా పాలు ఒలక్కుండా క్యాన్ల మధ్య కుక్కడానికి అక్క గోనెసంచులు కట్టలు కట్టి వ్యానుకి సిద్ధం చేసింది.

మర్నాడు సరిగ్గా పాలవేళకే వాన. వ్యాను గుర్రుమంటూ ఎక్కింది. ఒక చక్రం దాటింది, రెండోది దాటింది, వాకిట్లోకి వచ్చి ఆగింది. డ్రైవరు హారను కొట్టి కొట్టి విసిగిపోయాడు. ఎవరు పలుకుతారు? అక్కాతమ్ముళ్ళిద్దరూ చెరో గొడుగేసుకుని, కాలవ చివర ఎర్రటి నీళ్ళు పొలం గట్టు పక్కకి పోతుంటే వంగి చూస్తున్నారు. అక్క కళ్ళు తుడుచుకుంటోంది, వాన నీళ్ళే అనుకోమని తమ్ముడికి గట్టిగా చెప్పి మరీ.

మేస్త్రీ ఇప్పటికీ గొప్పలు మానలేదు. "ముప్పై ఏళ్ళలో ఒక్కటే తీశా. దాన్ని సరిగ్గా వేయించింది మా అక్క" అంటాడు. గరిటె మాత్రం అతని పనిముట్ల సంచిలోనే ఉంది. అక్క అడుగుతూనే ఉంది, అతను ఇవ్వడం లేదు.