మా అమ్మాయి విమానం, నా తొంభై రోజులు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. పోయిన వారం మా అమ్మాయిని విమానం ఎక్కకుండా ఆపింది వానా కాదు, గాలీ కాదు. నేను!

మా లావణ్య మహారాష్ట్రలో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో ఉంటోంది. పైలట్ లైసెన్సు వచ్చేసింది. ఇప్పుడు క్లబ్బు విమానాన్ని గంటల లెక్కన అద్దెకు తీసుకుని అనుభవం పెంచుకుంటోంది. చిన్నప్పుడు నెల్లిమర్లలో మేం అద్దె సైకిలు తీసుకున్నట్టే. కాకపోతే సైకిలు షాపాయన "ఆఖరిసారి ఎప్పుడు తొక్కావు?" అని అడిగేవాడు కాదు. వీళ్ళు అడుగుతారు. కొన్నాళ్ళు నడపకపోతే చెయ్యి తప్పుతుందని భయం. న్యాయమైన భయమే.

పిల్లని అంత దూరం పంపాక నాకు నిద్ర పట్టేది కాదు. అందుకని దాని పుస్తకాలన్నీ నేనూ చదివాను. అక్కడే వచ్చింది చిక్కు.

సెలవులకి వచ్చిన లావణ్య మూడు వారాలు దాటగానే బ్యాగు సర్దుకుంది. అరసవల్లిలో మా చెల్లెలి కూతురి పెళ్ళి ఇంకా పది రోజులుంది.

"దూరం ఊరికి నడిపే పెద్ద ట్రిప్పుకి నా వంతు వస్తోంది నాన్నా. అది తప్పితే మళ్ళీ నెల ఆగాలి. ముందే వెళ్ళి ఓసారి నడుపుకుంటాను."

"పెళ్ళి చూసి వెళ్ళు. రూలు నేను చదివాను. తొంభై రోజుల్లో మూడు టేకాఫులు, మూడు ల్యాండింగులు. నీకున్నాయి."

"క్లబ్బుకి ఫోన్ చేసి కనుక్కుంటాను."

"ప్రభుత్వం రూలు కంటే క్లబ్బు పెద్దదా?" అని ఆ ఫోను మాన్పించాను.

క్యాలెండర్లో తొంభయ్యో రోజు చుట్టూ ఎర్రగా సున్నా కూడా చుట్టాను.

పెళ్ళయింది. పిల్ల వెళ్ళింది. మర్నాడు ఫోను.

"విమానం ఇవ్వలేదు నాన్నా. క్లబ్బు రూలు ముప్పై రోజులట. నేను నడిపి నలభై ఒకటి. చేరినప్పుడు సంతకం కూడా పెట్టాను, మర్చిపోయాను. ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని చూశాకే ఇస్తారు. ఆయన ఎల్లుండి గానీ రారు. నా ట్రిప్పు రేపు."

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

మా ఆవిడ రమణమ్మ అంతా విని ఒకటే అడిగింది. "మీ మిల్లులో కాగితం అంటించింది ఎవులు?"

నేనే. జూట్ మిల్లులో మగ్గాల సెక్షన్ సూపర్‌వైజర్ని. పదిహేను రోజులు మించి సెలవు పెట్టినవాళ్ళు, తిరిగొచ్చిన మొదటి షిఫ్టు మగ్గం ముట్టుకోకూడదు, ఇంకొకరి పక్కన నిలబడాలి. కంపెనీ రూల్లో ఈ మాట లేదు. చేతులు పోతాయని నేనే రాసి గోడకి అంటించాను.

"మీ గోడకే కాగితం అంటుకుంటాది గానీ, ఆళ్ళ క్లబ్బుకి గోడ లేదనుకున్నారేటి?" అంది రమణమ్మ.

రెండ్రోజులకి సెలవు అయిపోయి నేనూ డ్యూటీకి వెళ్ళాను. ఒక మగ్గం ఆగితే సరిచేద్దామని చెయ్యి చాపాను. ఆ మగ్గం నడిపే అప్పలనాయుడు అడ్డం నిలబడ్డాడు. ఆ కాగితం పుణ్యాన కిందటేడు ఒక షిఫ్టంతా ఊరికే నిలబడిన మనిషి.

"బాబూ, పెళ్ళికి ఎన్నాళ్ళు సెలవెట్టినారు?"

వేళ్ళు లెక్కపెట్టాను. "పదహారు."

"అయితే నా పక్కన నిలబడండి. సెయ్యెట్టకండి."

అతను నవ్వనైనా నవ్వలేదు. చేతులు వెనక్కి కట్టుకుని ఎనిమిది గంటలు నిలబడ్డాను.

సాయంత్రం లావణ్య ఫోన్ చేసింది. "చెక్ పాసయ్యాను నాన్నా. ట్రిప్పు మాత్రం వచ్చే నెలే." ఇంకో మాట కూడా అంది, "తొంభై రోజులని నీకెవరు చెప్పారమ్మా అని అడిగారు ఇన్‌స్ట్రక్టర్."

"ఏం చెప్పావు?"

"ఎవరో తెలిసినాయన అన్నాను."

కాళ్ళు పీకుతున్నాయి. మంచం మీద కూర్చున్నాను.

"అలాంటివాళ్ళ మాట వినకమ్మా" అన్నాను.