మౌల్వీసాబ్ సగంలో ఆపని వాక్యం

మౌల్వీసాబ్ మక్తల్ దవాఖానలో పోయారని సోమవారం పొద్దున బస్సు కండక్టరు చెప్పాడు. నేను ఆయన ఊరు చేరేసరికి మట్టి ఇచ్చేశారు. సాయంత్రం సంతాప సభ. పాత జాగీర్దారు కొడుకు లేచి, "మౌల్వీసాబ్ మాకు సబర్, ఓర్పు నేర్పిండు. పాలించేటోళ్ల మాట దాటొద్దని నేర్పిండు" అన్నాడు. జనం తలలూపారు. నాకు రోత పుట్టింది. ఆ అబద్ధం ఆయన పేరు మీద నిలవకూడదని ఇది రాస్తున్నాను.

బడిపంతులుగా ఆ ఊరికి వెళ్లిన కొత్తలో నాకు ఉర్దూ నేర్పింది ఆయనే. మసీదులో నమాజు చదివించేవారు. తెగిన చెప్పు పట్టీకి గుడ్డపేలిక కట్టుకుని నడిచేవారు. నేను తప్పు రాస్తే, "మల్ల రాయుండ్రి సార్, కాయితానికి నొప్పి లేదు" అనేవారు.

జాగీర్లు కాగితం మీద రద్దయ్యాయి గాని, ఊరికి జాగీర్దారే పాలకుడు. మసీదు దీపానికి నూనె, మౌల్వీసాబ్‌కు బియ్యం ఆయన ఇంటి నుంచే వచ్చేవి. ఓ వేసవి శుక్రవారం, భార్యకు జ్వరమని వెట్టికి రానన్న కూలీ మనిషిని జాగీర్దారు తన వాకిట్లో బండి చక్రానికి కట్టించాడు.

దూదేకే అన్నదమ్ములిద్దరు కట్టెలు పట్టుకుని మసీదుకు వచ్చారు. "చెప్పుండ్రి. మన దీన్ల, మన మతంల, గిసొంటోని మీద లేవొచ్చునా, లేవొద్దా?"

"పెద్ద పెద్ద పండితులకే దీనిమీద ఒక్కమాట లేదు," అన్నారాయన. "కొందరు ఓర్సుకోమన్నరు. కత్తి లేస్తే ముందుగాల సచ్చేది గరీబోడే కద. కొందరు జులుం మీద లేవాలన్నరు. కని పాపం చెయ్యమంటే ఎవ్వని మాటా వినొద్దని అందరూ ఒప్పుకున్నరు. కట్టెలు ఆడ పెట్టుండ్రి. ముందుగాల మాటతోని చూద్దాం."

అంతలో జాగీర్దారు గుమాస్తా వచ్చి, పాలకుడికి లోబడడం దేవుడి ఆజ్ఞేనని నమాజుకు ముందు చెప్పమన్నాడు. ఖురానులోనే ఉందన్నాడు. ఉంది. మౌల్వీసాబ్ ఆ వాక్యమే చదివారు: దేవుడికి, ప్రవక్తకు, మీలో అధికారం ఉన్నవారికి విధేయులై ఉండండి. గుమాస్తా తృప్తిగా కూర్చున్నాడు.

"ఆడికే అయిపోలే," అన్నారు మౌల్వీసాబ్. "తగాదా వస్తే దేవునికాడికి, ప్రవక్తకాడికి తీస్కపొమ్మని ఉన్నది. సగం సదివి ఆపేటోడు దీన్‌ను తీస్కపోయి జాగీర్దారు కొట్టంల కట్టేసినట్టే."

నమాజు కాగానే ఒక్కరే ఆ వాకిట్లోకి నడిచారు. జాగీర్దారు అరుగు మీదే ఉన్నాడు. "ఇప్పుతున్న" అని మాత్రం చెప్పి తాడు ముడి మీదకు వంగారు. వేళ్లకు రాకపోతే పళ్లతో లాగారు. నెరిసిన గడ్డం మనిషి మీద చెయ్యి వేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

వారం తిరక్కుండా ఆయన్ను మసీదు నుంచి తీసేశారు. పాత బట్టలు కుట్టుకుని బతికారు. కట్టెలు పట్టుకొచ్చిన అన్నదమ్ములు నెలలోపే జాగీర్దారు దగ్గర జీతానికి కుదిరారు. మౌల్వీసాబ్ ఎదురుపడితే సలాం కూడా చేసేవారు కాదు. మొన్న సభలో ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకున్నదీ వాళ్లే.

నా రోత వాళ్ల దగ్గరే ఆగితే బాగుండేది. నా కిరాయి గది జాగీర్దారు ఇంటికి ఎదురుగానే. ఆ శుక్రవారం మసీదులో మాటలు తర్వాత విన్నవే గాని, వాకిట్లో జరిగింది కిటికీలోంచి అంతా చూశాను. కట్లు విప్పిన ఆ కూలీ మనిషిని భుజానికి ఆనించుకుని మౌల్వీసాబ్ మూసిన తలుపుల ముందు నుంచి నడిచి, నా గుమ్మం దగ్గర ఆగారు.

"సార్, జర నీళ్లున్నయా?"

నాది సర్కారు నౌకరీ. తలుపు జానెడు తెరిచి, చెంబు బయట పెట్టి, మళ్లీ మూశాను. సందులోంచి చూస్తే ఆయన పెదవి మీద నెత్తురు, తాడు పీచు. నీళ్లన్నీ ఆ మనిషికే తాగించారు. ఖాళీ చెంబు గడప మీద పెట్టి, మూసిన తలుపుతో "షుక్రియా సార్" అన్నారు.